యాంటిలోప్ వేట: ట్యాగ్ కంటే ముందు మ్యాప్ చూడండి

మొదటిసారి యాంటిలోప్ ట్యాగ్ (ఒక జంతువును వేటాడటానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి చీటీ) దొరికిన ఏడాది, అది ఎంత సులువుగా దొరికిందో పది మందికి చెప్పుకుని మురిసిపోయాను. వ్యోమింగ్‌లో జూన్‌లో లైసెన్సుల లాటరీ, అంటే డ్రా, అయ్యాక మిగిలిన లైసెన్సులను జూలైలో అమ్ముతారు. వాటిలో ఒకటి కొన్నాను. డ్రాలో ముందు వరుస కోసం ఏటా పోగేసే పాయింట్ల లెక్క లేదు, ఏళ్ళ తరబడి ఎదురుచూపు లేదు. అక్టోబర్‌లో డెన్వర్ పక్కనున్న మా ఇంటి నుంచి నాలుగు గంటలు బండి నడుపుకుంటూ వెళ్ళాక గానీ అసలు సంగతి తెలియలేదు. జంతువులకేం, బోలెడున్నాయి. రోడ్డు పక్కనే మేకల మందలా మేస్తున్నాయి. కాకపోతే అన్నీ ముళ్ళకంచెకు అవతల, ఎవరిదో పట్టా భూమిలో. ఫోన్‌లో మ్యాప్ తీస్తే ప్రభుత్వ భూమి అని రంగు వేసిన ముక్కలు మూడు కనిపించాయి. ఒక్కదానికీ దారి లేదు. రెండు రోజులు మట్టి రోడ్ల మీద తిరిగి, గ్యాస్ కాల్చి, ఖాళీ కూలర్‌తో ఇంటికొచ్చాను.

ఆ ట్యాగ్ అన్నాళ్ళు ఎవరూ కొనకుండా ఎందుకు మిగిలిందో అప్పుడు వెలిగింది. అప్పటి నుంచి "అన్నా, ఈసారి నేనూ వస్తా, ఏ రాష్ట్రానికి అప్లై చేయమంటావ్?" అని అడిగిన ప్రతివాడికీ ఒకటే చెబుతున్నాను. రాష్ట్రం సంగతి తర్వాత, తుపాకీ సంగతి ఇంకా తర్వాత. ముందు ఏ నేల మీద అడుగు పెడతావో తేల్చుకో. అందుకే ఇక్కడ కూడా నేల గురించే ఎక్కువ రాస్తున్నాను.

పేరు గురించి ఒక ముక్క. ఇక్కడివాళ్ళు యాంటిలోప్ అని పిలిచేది ప్రాంగ్‌హార్న్‌ని. నిజానికి అది యాంటిలోప్ కాదు. ఇప్పుడు బతికున్న జంతువుల్లో దానికి దగ్గర చుట్టాలు జిరాఫీ, ఒకాపీ. ఏటా కొమ్ము పైతొడుగు రాల్చి కొత్తది పెంచుకుంటుంది. అసలైన యాంటిలోప్ అంటే మన కృష్ణజింక. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని వేటాడటం మన దగ్గర జైలుకు దారి. కాబట్టి ఇక్కడ రాసేదంతా అమెరికా పడమటి రాష్ట్రాల్లో లైసెన్స్ తీసుకుని చేసే వేట గురించే. ఊరెళ్ళినప్పుడు ఎవరికైనా ఫోటోలు చూపిస్తే ఈ మాట కూడా కలిపి చెప్పండి.

వీసా మీద ఉన్నవాళ్ళు ఇది చదివాకే మిగతాది

హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకు పనికొచ్చేది ఒకటి: అమెరికాలో చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ మీ దగ్గర ఉండాలి. రైఫిల్ కొనడానికే కాదు, స్నేహితుడి రైఫిల్ పట్టుకుని రేంజ్‌కి, అంటే కాల్చడం సాధన చేసే చోటికి, వెళ్ళడానికి కూడా ఇదే లెక్క. లైసెన్స్ గడువు తీరిపోయి రైఫిల్ మాత్రం బీరువాలో ఉండిపోయినా చిక్కే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ అడ్డు లేదు. మన దగ్గర చాలామంది "అందరూ వెళ్తున్నారు కదా" అని రేంజ్‌కి వెళ్ళిపోతుంటారు. ఇలాంటి కేసులో శిక్ష పడితే ఉద్యోగం ఒక్కటే కాదు, ఈ దేశంలో ఉండటమే కష్టమవుతుంది. ఒక గంట ఫీజు కట్టి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగడం చవక. ఆ టెన్షనే వద్దనుకుంటే విల్లు ఉంది. ఫెడరల్ చట్టం లెక్కలో అది తుపాకీ కాదు.

ఇంకొకటి హంటర్ ఎడ్యుకేషన్ కార్డు, అంటే వేట గురించిన క్లాసు పూర్తి చేశాక ఇచ్చేది. వ్యోమింగ్‌లో 1966 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు, కొలరాడోలో 1949 జనవరి 1 నుంచి పుట్టినవాళ్ళకు, మోంటానాలో 1985 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళకు అది తప్పనిసరి. ఒక రాష్ట్రంలో తీసుకున్న కార్డును మిగతావీ ఒప్పుకుంటాయి. చలికాలంలోనే క్లాసు పూర్తి చేసేయండి. అప్లికేషన్ల వేళకు సీట్లు దొరకవు.

ప్రభుత్వ భూమి అంతా ఒకటి కాదు

పడమటి రాష్ట్రాల్లో బీఎల్ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) భూమి అంటే మన ఊరి బంజరు, పోరంబోకు లాంటిది అనుకోండి. కాకపోతే లక్షల ఎకరాల్లో ఉంటుంది. ఫెడరల్ ప్రభుత్వానిది. పశువుల మేతకు లీజుకిస్తారు, కానీ మీరూ నేనూ అడగకుండా వెళ్ళి నడవచ్చు, గుడారం వేసుకోవచ్చు, లైసెన్స్ ఉంటే వేటాడవచ్చు. చాలాచోట్ల ఒకే దగ్గర 14 రోజులదాకా ఉండనిస్తారు. ఒక్క వ్యోమింగ్‌లోనే ఇలాంటి భూమి కోటి 80 లక్షల ఎకరాలు ఉంది. యాంటిలోప్‌కు కావలసిన సేజ్‌బ్రష్ పొదల మైదానం ఎక్కువగా ఉండేది కూడా ఇక్కడే. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా ఓటు దీనికే.

నేషనల్ గ్రాస్‌ల్యాండ్స్ రెండో రకం. ఈశాన్య వ్యోమింగ్‌లో థండర్ బేసిన్, కొలరాడోలో పానీ ఇలాంటివే. వీటిని ఫారెస్ట్ సర్వీస్ చూస్తుంది. మ్యాప్‌లో దూరం నుంచి చూస్తే పెద్ద ఆకుపచ్చ మచ్చలా కనిపిస్తుంది. జూమ్ చేస్తే అతుకుల బొంతలా పట్టా భూములు, ప్రభుత్వ భూములు కలిసిపోయి ఉంటాయి. ఫోన్‌లో గీతలు చూసుకుంటూ నడవాలి. ఓపిక ఉన్నవాళ్ళకు మంచివే.

రాష్ట్రాల చేతిలో ఉండే స్టేట్ ట్రస్ట్ భూముల దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు, ఎందుకంటే రాష్ట్రం మారితే రూలు మారుతుంది. వ్యోమింగ్‌లో చట్టబద్ధమైన దారి ఉంటే వేటాడవచ్చు, కానీ రాత్రి పడుకోకూడదు, మంట వేయకూడదు. కొలరాడోలో వన్యప్రాణి శాఖ లీజుకు తీసుకున్న ముక్కల్లో తప్ప మిగతా ట్రస్ట్ భూమిలో అడుగే పెట్టకూడదు. మ్యాప్‌లో మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ ఒకే నీలం రంగు.

నాకు బాగా నచ్చింది నాలుగో రకం. భూమి రైతుదే, కానీ రాష్ట్రం అతనికి డబ్బులిచ్చి వేటగాళ్ళకు తలుపు తెరిపిస్తుంది. వ్యోమింగ్‌లో వాటిని వాక్-ఇన్ ఏరియాలు, హంటర్ మేనేజ్‌మెంట్ ఏరియాలు అంటారు. మోంటానాలో బ్లాక్ మేనేజ్‌మెంట్ అంటారు. మనం కట్టేదేమీ లేదు. కొన్నింటికి ముందే ఆన్‌లైన్‌లో అనుమతి చీటీ తీసుకోవాలి, కొన్నిచోట్ల గేటు దగ్గర పెట్టెలో పేరు రాసి వెళ్ళాలి. ఏటా ఈ జాబితా మారుతుంది. గత ఏడాది తెరిచి ఉన్న గేటు ఈ ఏడాది తాళం వేసి ఉండవచ్చు.

ఇక గళ్ళ భూమి. దక్షిణ వ్యోమింగ్‌లో ఐ-80 హైవే వెంబడి మ్యాప్ చూస్తే చదరంగం బల్ల పరిచినట్టు ఉంటుంది. 1862లో యూనియన్ పసిఫిక్ రైలు మార్గం వేయించడానికి ప్రభుత్వం పట్టాలకు ఇరువైపులా ఒకటి విడిచి ఒకటి చొప్పున 640 ఎకరాల గళ్ళను కంపెనీకి రాసిచ్చింది. మిగతా గళ్ళు ప్రభుత్వం దగ్గరే ఉండిపోయాయి. కాబట్టి నాలుగు గళ్ళు కలిసే మూల దగ్గర రెండు ప్రభుత్వ గళ్ళు ఒకదాన్నొకటి ఒక్క బిందువు దగ్గరే తాకుతాయి. ఆ బిందువు మీదుగా అడుగేస్తే పక్కవాడి పొలంలోకి వెళ్ళినట్టా, కాదా? నూట అరవై ఏళ్ళు ఇది తేలలేదు.

మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ళు వ్యోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ దగ్గర అలా దాటారు. రెండోసారి, 2021లో, పక్క భూమిని కాలితో తాకకుండా ఉండటానికి ఇనుప నిచ్చెన తెచ్చుకుని సర్వే రాయి మీదుగా ఎక్కి దిగారు. గాలిలోంచి దాటినా ఆక్రమణే అని భూస్వామి వాదన. 2022లో జ్యూరీ వాళ్ళను నిర్దోషులని వదిలేసింది. భూస్వామి సివిల్ దావా కూడా వేశాడు. 2023లో ఫెడరల్ జడ్జి, 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు వేటగాళ్ళవైపే తీర్పిచ్చాయి. ప్రభుత్వ భూమికి దారి మూసేలా కంచె కట్టకూడదని చెప్పే 1885 నాటి చట్టం వాళ్ళను కాపాడింది. అదే ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. దాంతో ఆ తీర్పే నిలిచింది.

మన ఎంపికకు దీనితో పనేంటంటే, ఆ కోర్టు పరిధిలో ఆరు రాష్ట్రాలున్నాయి. వ్యోమింగ్, కొలరాడో, న్యూమెక్సికో, యూటా అందులోవే. మోంటానా అందులో లేదు. మూల దాటడం తమ దగ్గర ఇప్పటికీ చట్టవిరుద్ధమేనని మోంటానా వన్యప్రాణి శాఖ చెబుతోంది. వ్యోమింగ్‌లో కూడా నేనైతే నేలలో పాతిన సర్వే గుర్తు కంటికి కనిపిస్తేనే దాటతాను. ఫోన్‌లో జీపీఎస్ పది పన్నెండు అడుగులు అటూ ఇటూ చూపిస్తుంది. గట్టు తగాదాలు చూసి పెరిగినవాళ్ళం, సరిహద్దు రాయి విలువ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

వ్యోమింగా, కొలరాడోనా, మోంటానానా

దేశంలో యాంటిలోప్‌లు ఎక్కువగా ఉన్నది వ్యోమింగ్‌లోనే. బయటి రాష్ట్రాలవాళ్ళకు ట్యాగ్‌లు ఎక్కువగా ఇచ్చేదీ అదే. డ్రాకు పెట్టే ట్యాగ్‌లలో 20 శాతం మనలాంటి బయటివాళ్ళవి. అందులో నాలుగింట మూడు వంతులు ప్రిఫరెన్స్ పాయింట్లు ఎక్కువ ఉన్నవాళ్ళకు, నాలుగో వంతు లాటరీకి. అంటే పాయింటు ఒక్కటీ లేకపోయినా అదృష్టం తగలవచ్చు. అప్లికేషన్ గడువు జూన్ మొదట్లో. జూలై నుంచి అక్టోబర్ చివరి వరకు 31 డాలర్లు కట్టి ఒక పాయింటు కొనుక్కోవచ్చు. నలుగురు కలిసి గుంపుగా అప్లై చేస్తే పాయింట్ల సగటు చూస్తారు. ఎనిమిది పాయింట్లున్న బావ, సున్నా పాయింట్ల మీరు కలిస్తే ఇద్దరికీ నాలుగే. బావతో ముందే మాట్లాడుకోండి.

ఒక హెచ్చరిక. 2022-23 చలికాలం పశ్చిమ వ్యోమింగ్‌లో యాంటిలోప్‌లను ఊచకోత కోసింది. ఆ తర్వాత చాలా ఏరియాల్లో ట్యాగ్‌లు బాగా తగ్గించారు. పాత వీడియోలు చూసి "రెండు పాయింట్లకు వచ్చేస్తుంది" అని లెక్క వేసుకోకండి. ఆ ఏడాది డ్రా ఫలితాల పట్టిక రాష్ట్రం వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, అది చూడండి. అందులో ట్యాగ్ చాలా సులువు అని కనిపించిన ఏరియాను అనుమానించండి. ప్రజలకు దారి కష్టమైన ఏరియాలకు వాళ్ళే గుర్తు పెడతారు. నేను మొదటి ఏడాది ఆ గుర్తు చూడలేదు, అంతే.

కొలరాడోలో ఉన్నవాళ్ళకు కొలరాడోనే దగ్గర, పైగా ఆరు నెలలు ఉంటే స్థానిక రేటు వస్తుంది. వ్యోమింగ్‌లో అందుకు ఏడాది, మోంటానాలో 180 రోజులు కావాలి. కానీ చిక్కేమిటంటే, కొలరాడో యాంటిలోప్‌లలో ఎక్కువ భాగం తూర్పు మైదానాల్లో ఉంటాయి, ప్రభుత్వ భూమేమో ఎక్కువగా పడమర కొండల్లో ఉంటుంది. రెండూ కలిసేది వాయవ్య మూల, క్రెయిగ్ చుట్టుపక్కల. అది అందరికీ తెలుసు కాబట్టి అక్కడి మగ జంతువు ట్యాగ్‌కు ఏళ్ళు పడుతుంది. అప్లికేషన్ గడువు కూడా ముందే, ఏప్రిల్ మొదటి మంగళవారం. నా సలహా: కొలరాడోలో ఏటా పాయింటు పోగేసుకుంటూ వెళ్ళండి, వేట వ్యోమింగ్‌లో చేయండి.

మోంటానా తూర్పు భాగం అందంగా ఉంటుంది, బ్లాక్ మేనేజ్‌మెంట్ అద్భుతం. బయటివాళ్ళకు మాత్రం 10 శాతం దాటి ఇవ్వరు, డెన్వర్ నుంచి దూరం ఎక్కువ. సియాటిల్ వైపు ఉన్నవాళ్ళకైతే లెక్క వేరు.

డాలస్ వాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "టెక్సస్‌లో కృష్ణజింక వేట ఉందట కదా?" ఉంది. గత శతాబ్దంలో తెచ్చి రాంచ్‌లలో వదిలారు, బాగా పెరిగాయి. కానీ అది పూర్తిగా ప్రైవేటు భూమి వ్యవహారం, డబ్బు కట్టి కంచె లోపల వేట. నాకు మనసొప్పలేదు. మన రాష్ట్ర జంతువు అన్నది ఒక కారణం, కంచె ఇంకో కారణం. ప్రభుత్వ భూమిలో నిజమైన యాంటిలోప్ కావాలంటే న్యూమెక్సికోలో ఓరిక్స్ అనే జంతువు ఉంది. ఆఫ్రికా కలహారి నుంచి వచ్చిన వాటి సంతతిని 1969 నుంచి 1977 వరకు వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రం భూముల్లో వదిలారు. అవి పెరిగి చుట్టుపక్కల బీఎల్ఎం భూముల్లోకీ వచ్చేశాయి. న్యూమెక్సికోలో పాయింట్ల పద్ధతే లేదు, అంతా లాటరీ, కానీ గైడ్ లేని బయటివాళ్ళ వాటా 6 శాతమే. వస్తే వచ్చింది అని వేసి మర్చిపోవాలి. మొదటి వేట ప్లాన్ దాని మీద పెట్టుకోవద్దు.

మగదా, ఆడదా, రెగ్యులరా, స్పెషలా

వ్యోమింగ్‌లో బయటివాళ్ళకు మామూలు లైసెన్స్ 326 డాలర్లు, దానిపైన అప్లికేషన్ రుసుము 15. అదే లైసెన్స్‌కు స్పెషల్ అని ఇంకో వరుస ఉంది. 2024 నుంచి అది 1,200 డాలర్లు. ఏరియా అదే, సీజన్ అదే, జంతువు అదే. తేడా ఒక్కటే: వరుసలో తక్కువమంది ఉంటారు. ఒకప్పుడు ధర తక్కువగా ఉన్నప్పుడు చాలామంది స్పెషల్‌కు వెళ్ళేవారు. ఇప్పుడు నేనైతే వెళ్ళను. మిగిలే డబ్బుతో మంచి బైనాక్యులర్స్, దానికో ట్రైపాడ్ వస్తాయి. ఈ వేటలో అవి పాయింట్ల కన్నా ఎక్కువ పనిచేస్తాయి.

ఆడ జంతువు లేదా పిల్ల లైసెన్స్ 34 డాలర్లే. గోడకు కొమ్ములు తగిలించే కోరిక లేకపోతే, మొదటిసారి దీనికి మించింది లేదు. గుంపులో ఆడవే ఎక్కువ కాబట్టి అవకాశాలూ ఎక్కువ. గుర్తుపట్టడం మాత్రం నేర్చుకోవాలి. ఆడవాటికీ కొన్నింటికి చిన్న కొమ్ములుంటాయి, సాధారణంగా చెవి కన్నా పొట్టిగా. మగదానికి దవడ కింద నల్లటి మచ్చ ఉంటుంది, అదే ఖాయమైన గుర్తు. ఆ మచ్చ కనిపించేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకండి. ఇక్కడ ఒక మెలిక కూడా ఉంది. ఆడవాటి ట్యాగ్‌లు ఎక్కువగా మిగిలేది పట్టా భూములు నిండిన ఏరియాల్లోనే. రైతులు తమ పంట మేసే జంతువులు తగ్గాలనుకుంటారు, అందుకే అక్కడ ట్యాగ్‌లు ఎక్కువ పెడతారు. కాబట్టి 34 డాలర్లే కదా అని గుడ్డిగా కొంటే నా కథే మీకూ.

రైఫిల్ లేదా విల్లు

రైఫిల్ సీజన్ వ్యోమింగ్‌లో ఎక్కువచోట్ల సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఉంటుంది. విల్లు సీజన్ చాలా ఏరియాల్లో ఆగస్టు 15న మొదలవుతుంది. దానికి అదనంగా ఆర్చరీ లైసెన్స్ కొనాలి. వ్యోమింగ్‌లో ఆర్చరీ సీజన్‌లో క్రాస్‌బో (తుపాకీలా ట్రిగ్గర్ ఉండే విల్లు) ఒప్పుకుంటారు, కొలరాడో, మోంటానా ఒప్పుకోవు.

రైఫిల్‌తో వేట అంటే కొండ మీద కూర్చుని దుర్భిణితో వెతకడం, కనబడ్డాక వాగు పల్లాల్లోంచి చుట్టు తిరిగి వెళ్ళడం, చివరి రెండు మూడు వందల గజాలు పాకడం. నేల మీద నాగజెముడు ఉంటుంది. మన చేలగట్ల మీద మనిషెత్తు పెరిగేదానికి చుట్టమే, ఇక్కడ జానెడు ఎత్తులో గడ్డిలో దాక్కుంటుంది. మోకాళ్ళకు మందపాటి ప్యాడ్లు కట్టుకోండి, చేతికి తోలు గ్లోవ్స్ వేసుకోండి. తూటా సైజు .243, 6.5 క్రీడ్‌మూర్, .270 ఏదైనా చాలు. జంతువు పెద్దది కాదు, మగది 110, 120 పౌండ్లు. అసలు శత్రువు గాలి. అక్కడ గాలి ఆగదు. 250 గజాలు దాటితే నేను కాల్చను. దగ్గరికి వెళ్ళడం చేతకాక దూరం నుంచి కాల్చేవాళ్ళు గాయపరిచి వదిలేయడం రెండుసార్లు కళ్ళారా చూశాను.

యాంటిలోప్ గంటకు 55 మైళ్ళ వేగంతో పరుగెత్తుతుంది, అయినా కంచె దూకడానికి ఇష్టపడదు. కింద నుంచి దూరి వెళుతుంది. కంచె కింద నేల అరిగి నున్నగా, ముళ్ళ తీగకు వెంట్రుకలు చిక్కి ఉన్న చోటు కనిపిస్తే అదే వాటి దారి. ఆ దారి వైపు నుంచి గాలి మీ ముఖానికి కొట్టేలా మాటు వేస్తే సగం పని అయినట్టే.

విల్లుకు మాత్రం నీటి గుంట దగ్గర గుడారంలో కూర్చోవడమే దారి. ఆగస్టు ఎండలో, ఆ గుడ్డ పెట్టెలో, చీకటితో వెళ్ళి చీకటిదాకా. మా తాత చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చున్నట్టు కూర్చోగలిగితే సరే. దూరం ఇరవై ముప్పై గజాలే కాబట్టి గురి సమస్య తక్కువ. కానీ ముందు రోజు వాన పడితే అన్ని గుంటల్లోనూ నీళ్ళు, మీ గుంటకు ఎవరూ రారు. సెలవు మూడు రోజులే ఉంటే రైఫిల్, వారం ఉంటే విల్లు కూడా ఆలోచించవచ్చు. సెప్టెంబర్ మధ్యలో జత కట్టే రోజుల్లో మగ జంతువు బొమ్మ చూపిస్తే పోట్లాటకు పరుగెత్తుకొస్తుంది. చూడటానికి సరదాగా ఉంటుంది. రైఫిల్ సీజన్‌లో మాత్రం ఆ బొమ్మ వెనక మీరుండకండి, దూరం నుంచి ఇంకొకరు దాన్నే గురి చూడవచ్చు.

నారింజ రంగు దుస్తుల రూలు కూడా చూసుకోండి. వ్యోమింగ్‌లో మెరిసే నారింజ లేదా గులాబీ రంగు టోపీ ఒక్కటి సరిపోతుంది. కొలరాడోలో 500 చదరపు అంగుళాలు, తలపైనా ఉండాలి. మోంటానాలో 400, నారింజ మాత్రమే.

గైడ్ సంగతి రెండు మాటల్లో. వ్యోమింగ్‌లో వైల్డర్‌నెస్ అని ప్రకటించిన ఫెడరల్ అడవుల్లో బయటివాళ్ళకు గైడ్ తప్పనిసరి, కానీ యాంటిలోప్ ఉండేది మైదానంలో కాబట్టి ఆ రూలు మనకు తగలదు. రైతుకు డబ్బు కట్టి అతని భూమిలోకి వెళ్ళే పద్ధతి కూడా ఉంది. వయసు పైబడిన నాన్ననో, పదమూడేళ్ళ అబ్బాయినో తీసుకెళ్తుంటే అది మంచి ఖర్చే. మిగతావాళ్ళు ఆ డబ్బుతో వేసవిలో ఒకసారి ముందే వెళ్ళి ఏరియా చూసి రండి. ఏ గేటు తెరిచి ఉంది, ఏ మట్టి రోడ్డు వాన పడితే బంకగా మారుతుంది, ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుంది, ఇవన్నీ వెళ్ళి చూస్తే తప్ప తెలియవు.

ఐస్ గురించి

యాంటిలోప్ మాంసం కంపు కొడుతుందని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది దాన్ని మధ్యాహ్నం ఎండలో పికప్ వెనక వేసుకుని ఊరంతా తిప్పి తెచ్చినవాళ్ళే. దాని వెంట్రుక లోపల గుల్లగా ఉంటుంది, చలికి తట్టుకోవడానికి. చచ్చాక అదే వేడిని లోపల పట్టి ఉంచుతుంది. కాబట్టి తేదీ గుర్తించి ట్యాగ్ కట్టగానే తోలు ఒలిచేయాలి. ఫోటోలు ఐదు నిమిషాలు, అంతే. తొడలు, ముందు కాళ్ళ భుజాలు, వెన్ను పక్కన ఉండే పొడుగాటి కండలు వదిలేసి రావడం నేరం. మగదో ఆడదో తెలిసే ఆనవాలు ఎలా ఉంచాలో ఆ రాష్ట్రం రూల్స్‌లో చదువుకుని వెళ్ళండి. ఎముక తీశాక ముప్పై అయిదు, నలభై పౌండ్ల మాంసం వస్తుంది.

ఆగస్టు, సెప్టెంబర్ ట్యాగ్‌కూ అక్టోబర్ ట్యాగ్‌కూ మధ్య ఎంచుకోవలసి వస్తే నేను అక్టోబర్ వైపు మొగ్గడానికి సగం కారణం ఇదే. ఎండాకాలం వేటైతే రెండు పెద్ద కూలర్లు, ఒక్కోదానికి రెండు మూడు ఐస్ బస్తాలు బండిలో ముందే ఉండాలి. ఊళ్ళ మధ్య యాభై అరవై మైళ్ళు ఉంటాయి, కాల్చాక ఐస్ కోసం వెతకడం కుదరదు. మాంసం నేరుగా నీళ్ళలో నానకుండా సంచుల్లో పెట్టి, కరిగిన నీళ్ళు మధ్యమధ్య ఒంపేయండి.

ఇంటికొచ్చాక కొవ్వు మొత్తం కోసి పారేయండి, వాసనంతా అందులోనే. వెన్ను కండలను ఉప్పు, మిరియాలతో పెనం మీద రెండువైపులా కాల్చి లోపల ఎర్రగా ఉన్నప్పుడే దించాలి. మా ఇంట్లో దానికి ఎవరూ ఒప్పుకోరు కాబట్టి నా వాటా మాత్రమే అలా చేసుకుంటాను. మిగతాదంతా కైమా. ఈ మాంసంలో కొవ్వు లేదు కాబట్టి మామూలుకన్నా ఒక గరిటె నూనె ఎక్కువ పోసి, చివర్లో మెంతికూర వేయమని మా అమ్మ ఫోన్‌లో చెప్పింది. అది ఏ జంతువో ఆవిడకు ఇప్పటికీ తెలియదు, మేక అనే చెప్పాను.